సీసపు అక్షరాలు

నరసాపురం చర్చిలో కుడి గోడకి
థార్న్‌టన్ దొర కుటుంబం ఇంకా నిలబడే ఉంది:
దొర, దొరసాని, పద్దెనిమిది నెలల పిల్ల.
పిల్ల రాయి అరచేతి వెడల్పు.

దొర పేరు మాత్రం చదవలేం.
చలువరాతి నిండా బెజ్జాలు.
పెద్ద గాలివాన ఏడు, మా యోబు తాత
సీసపు అక్షరాల్ని మేకు పెట్టి పెకలించాడు.
పడవ పోయింది, వల మిగిలింది, వలకి గుళ్ళు లేవు.
కరిగించే ఓపిక లేక సుత్తితో వంచి తాడుకి చుట్టాడు.

"ఆయనకేం, గోడెక్కి కూర్చున్నాడు.
నీళ్ళలోకి దిగాల్సింది మనం" అనేవాడు.
పిల్ల రాయి జోలికి పోలేదు.
ఎందుకని అడిగితే చుట్ట వెలిగించుకునేవాడు.

అలా దొర పేరు వశిష్ఠలో దిగింది.
ఎర్రనీళ్ళ రోజుల్లో అడుగున పాకుతూ
పులసల పొట్టలు తడిమింది,
ఒక్కోసారి ఒట్టి నాచు తెచ్చింది.

తాతకి రాయి వెయ్యలేదు. కర్ర సిలువ పాతాం,
రెండో వరద పట్టుకుపోయింది.

నిన్న అటక మీంచి పాత వల దించాను.
ఎలకలు కొట్టిన నూలు మధ్య ఒకే ఒక్క ముక్క,
సుత్తి దెబ్బ తప్పించుకుని, గుండ్రంగా.
వాళ్ళ 'ఓ'నో, మన సున్నానో.

తిరిగి ఇచ్చేద్దామని చర్చి దాకా వెళ్ళాను.
తాళం వేసుంది.
పులసల రోజులు కదా,
కొత్త నైలాను వలకి కట్టేశాను.