ఎడమ చక్రం చప్పుడు

గుణుపురంలో మా బండి వస్తోందని
బండికన్నా ముందు ఎడమ చక్రం చెప్పేది.
గతుకుకో టక్కు, గుంటకి రెండు.
ఆయన తోలితే రేడియో పెంచేవాడు,
అదొక్కటే ఆయనకొచ్చిన మరమ్మత్తు.

దైతారి కిందకి దూరి, కడ్డీ పెట్టి కదిపి చూసి
"బుష్ సరిగలా, అపా" అన్నాడు.
ఆర్మ్ మొత్తం మార్చాలట.
ఆ డబ్బుకి నేను ఎన్ని హాస్టలు యూనిఫారాలు కుట్టాలో
మనసులోనే లెక్కేసి, వద్దన్నాను.
బుష్షు ఒక్కటీ అయితే పార్వతీపురంలో నూట ఎనభై.
కురుపాం మీదుగా బస్సులో పోయి తెచ్చాను,
జాకెట్ హుక్కుల పాకెట్టుతో పాటు ఒళ్ళో పెట్టుకుని.

రాత్రంతా దాన్ని ఫ్రీజర్లో ఉంచాను.
చలికి ఇనుము ముడుచుకుంటుంది, దిగడం సులువు.
పొద్దున్నే పాల పాకెట్టు కోసం తలుపు తీసిన మా అత్త తవిటమ్మ
"ఏటే పిల్లా, ఇది కూరకా?" అంది.

ఆదివారం. పెరట్లో చింతమొద్దు మీద
ఒక పక్క లేచి నిలబడింది బండి.
విప్పిన చక్రాన్ని దాని కిందికే తోశాను,
జాకీ జారితే నన్ను కాస్తుందని.
పదిహేడో నంబరు పానాకి పైపు తొడిగి
ఒళ్ళంతా వేలాడినా కదల్లేదు నట్టు.
పంతొమ్మిదేళ్ళ తుప్పు, వంశధార ఇసుక.
డీజిల్ పోసి, టీ తాగి, మళ్ళీ పోసి
తెలుగులో తిట్టాను. తర్వాత ఒడియాలో.
రెండో భాషకి లొంగింది.

అత్త టార్చి పట్టుకుంది,
నా చేతుల మీద కాదు, పక్కింటి కోడి మీద.
"మోకాలి గుజ్జులా అరిగిపోయిందని మాత్రం అనకు.
డాక్టరు కాడ ఆ మాట ఇని ఇని ఇసుగెత్తిపోనాను."
అనలేదు.
ఊడొచ్చిన రబ్బరు వంకాయ వరుగులా ఉంది,
చుట్టూ పగుళ్ళు,
నడిమి గొట్టం ఒక పక్కకి ఒరిగి.
ఇంత ముక్క
ఇన్నేళ్ళూ ఇనుముకీ ఇనుముకీ మధ్య కూచుని
తగువు తీర్చింది.

సబ్బునీళ్ళు రాసి,
పొడుగు బోల్టు, రెండు వాషర్లు, పాత బేరింగు గిన్నె.
మర తిప్పిన కొద్దీ కొత్తది మెల్లగా,
కొత్త గాజు చెయ్యి దాటినట్టు,
లోపలికి దిగింది.

ఇక బిగించెయ్యడమే అనుకున్నాను.
అప్పుడు గుర్తొచ్చింది పార్వతీపురం కొట్టతను
చిల్లర ఇస్తూ అన్నది:
"గాల్లో ఉండగా బిగించకమ్మా.
చక్రం వేలాడ్తున్నప్పుడు బిగిస్తే
రబ్బరు అదే తన కుదురనుకుంటాది.
నేల మీదికి దించాక మెలిపడి
ఆర్నెల్లకే చిరిగిపోద్ది.
బరువు పడనీ. అప్పుడు బిగించు."
కొట్లో నవ్వి ఊరుకున్నాను.
బండి కింద పడుకున్నాక నవ్వు రాలేదు.

నాలుగు చక్రాలూ పలకల మీదికి దించి
"కూకో అత్తా, ముందు సీట్లో" అన్నాను.
"నానెందుకే?"
"బరువుకి."
డెబ్బయ్యేళ్ళలో ఆ పనికి ఆమెనెవరూ పిలవలేదు కాబోలు,
చెంగు సర్దుకుని, వక్కాకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని
పెళ్ళిపీట మీద కూర్చున్నట్టు కూర్చుంది.
ఆమె పైన, నేను కింద.
చివరి పావు చుట్టు పానా తిప్పుతుంటే
ఆమె వక్క కొరికిన చప్పుడు
అడుగు రేకులోంచి వినబడింది.

సాయంత్రం ఆయనకి అన్నం పట్టుకుని
ఇద్దరం రైలుగేటుకి వెళ్ళాం.
దూరాన్నించే ఎడమ చక్రం విని
గది బయట బకెట్లో చేతులు కడుక్కోవడం
గేటుమాన్‌గా ఆయన అలవాటు.
మేం వెనకాలే ఆగినా
పచ్చజెండా చుడుతూ పట్టాల కేసే చూస్తున్నాడు.
హారన్ కొడితే తిరిగాడు,
ఎవరిదో అన్నట్టు బండి నంబరు చదివాడు.
"టక్కు ఏదే?"

అత్త కిటికీలోంచి చెయ్యి చాపి
వక్కాకు డబ్బా ఆడించింది.
టక్. టక్ టక్.
అప్పుడు కడుక్కున్నాడు చేతులు.