పడవ పెట్రోలు

కాన్‌బెర్రాలో జూలై. కిటికీ బయట గడ్డి మీద
మంచు ఇంకా ఉప్పులా ఉంది.
తెర మీద బాణాలు గీస్తున్నాను:
జీతాలు, కాగితాలు, మరమ్మతులు కాదు,
ఎందుకు ఖర్చుపెడుతున్నారో రాయండి.
పద్దు కాదు, ఫలితం.

దీవి నుంచి వచ్చిన లెయ్‌మారా
అరువు కోటులోంచి చెయ్యెత్తింది.
"మాకు పడవ పెట్రోలని ఒక పద్దుంది.
సోమవారం నర్సు, టీకాల పెట్టె.
మంగళవారం మేష్టారు.
ఓట్ల పెట్టెలూ అందులోనే, పురిటినొప్పులూ అందులోనే.
మొన్న మా చిన్నాన్న శవం.
ఏ కార్యక్రమం కింద రాయను?"

శాతాలుగా విడగొట్టొచ్చన్నాను.
పదిహేనేళ్ళుగా అదే జవాబు,
అరిగిన రూపాయిలా నునుపు.

తలూపి రాసుకుంది.
సాయంత్రం కప్పులు తీస్తూ చూశాను:
నా పట్టిక నిలువు గీతలన్నీ దాటుకుంటూ
పెన్సిలు పడవ.
టీకాలకు నలభై, బడికి ముప్ఫై.
చనిపోయినవాళ్ళ దగ్గర
అంకె వెయ్యలేదు.