డొల్ల

ముహర్రఖ్‌లో, చేపల మార్కెట్ వెనక సందులో
ముప్పయ్యేళ్ల ఇల్లు. అమ్మకానికని కొత్త రంగు వేశారు.
"నిజం చెప్పు ఉస్తాద్, నాకదే కావాలి"
అంది బద్రియా మేడం. బళ్లో లెక్కలు చెబుతుంది.
పదకొండేళ్ల జీతం అందులోనే ఉన్నట్టు
చేతిసంచిని రెండు చేతులా పట్టుకుంది.

నేను ముందు గోడను చూడను, వాసన పడతాను.
మూలన ముక్కు పెడితే
తడిసిన గోనెపట్టా.
వేలికంటిన తెల్లపొడి నాలిక మీద వేసుకున్నా:
ఉప్పు.
ఈ ఊళ్లో సముద్రం ప్రతి ఇంటి పునాదిలో ఉంటుంది,
కిరాయి కట్టదు.

జేబులోంచి గోలీ తీసి నేల మీద పెట్టాను.
కాసేపు ఆలోచించి వంటింటి వైపు దొర్లింది.
"చెడ్డదా?"
"వేలెడు వాలు. బతకొచ్చు."
ఏసీ కింద పసుపు మరక, అది గొట్టం పని.
మిద్దె మీద పగులు: వెంట్రుక దూరుతుంది,
గోరు దూరదు. పర్వాలేదు.

తర్వాత వంద ఫిల్సుల బిళ్లతో స్తంభాలు కొట్టుకుంటూ పోయాను,
సంతలో మా అమ్మ కుండల్ని కొట్టి చూసినట్టు.
టంగ్. టంగ్. టంగ్.
మెట్ల కింద స్తంభం, దబ్.

మళ్లీ కొట్టాను.
ఆ మెట్ల మలుపు. ఆ జానెడు కిటికీ.
సందు మారింది, రంగు మారింది, అందుకే ఇంతసేపు పట్టింది.

జులై నెల. శుక్రవారంలోపు పలకలు విప్పాలన్నాడు కాంట్రాక్టరు.
విప్పితే స్తంభం నడుమ తేనెపట్టు లెక్క కంకర,
సందుల్లోంచి ఇనుము, బక్కోడి బొక్కలు కనబడ్డట్టు.
"పూసెయ్‌రా, ఎవడు చూస్తడు" అన్నాడు పోశెట్టి.
నాకప్పుడు ఇరవై మూడు. వీసా అప్పు మిత్తి కూడా తీరలేదు.
ఎంత నున్నగా పూశానంటే
ఇంజినీరు అరచేత్తో నిమిరి శభాష్ అన్నాడు.

"ఏమైంది ఉస్తాద్?"
గుమ్మంలో బ్రోకరు ఫోన్లో నవ్వుతున్నాడు.
నాకొచ్చిన అరబ్బీలో తప్పుకు మాట ఉంది,
నేను చేశాను అనడానికీ ఉంది.
రెండూ పక్కపక్కన ఎన్నడూ పెట్టలేదు.

బ్రోకరు అరిచేలోపే ఉలి దించాను.
పెచ్చు నా కాళ్ల మీద పడింది.
లోపల ఎర్రగా, పొరలు పొరలుగా ఇనుము.
"మేడం, దీన్ని పూసింది నేనే."

ఆమె చాలాసేపు స్తంభాన్నే చూసింది.
తర్వాత కళ్లద్దాలు సర్దుకుని,
బాగు చేయడానికి ఎంతవుతుంది, అంది.
జాకీలు, సిమెంటు, కొత్త ఇనుము, రెండు వారాలు
ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయి
కూలి దగ్గర ఆగిపోయాను.