ధర గడిలో చిల్లు

టాంపెరేలో నవంబరు. మూడున్నరకే చీకటి.
బూట్లు బాగుచేసే కొట్టు పైన, రెండో అంతస్తులో
తడిసిన మేజోళ్లు హీటరు మీద ఆరేసి
బల్ల చుట్టూ ఐదుగురం.
హిల్యా మా ఆట నడుపుతుంది.
పగలంతా తాకట్టు కొట్టులో
పరాయివాళ్ల పెళ్లి ఉంగరాలు తూస్తుంది.
రాత్రి, లేని రాజ్యంలో లేని వజ్రాలకి
పెన్సిల్‌తో వెల కడుతుంది.

చచ్చినవాణ్ణి లేపే మంత్రానికి
ఐదు వందల వరహాల వజ్రం నూరి చల్లాలని
మొదట రాసింది.
అప్పుడు మా దగ్గర చిల్లిగవ్వ లేదు.
వెయిక్కా విలుకాడు బురదలో చచ్చి
బురదలోనే ఉండిపోయాడు.
మూడు వారాలు వెయిక్కా కొత్త పాత్రతో వచ్చి
ముభావంగా పాచికలు విసిరాడు,
బిస్కెట్లు కూడా ముట్టలేదు.

తర్వాత డ్రాగన్ గుహ దొరికింది.
గాడిదలు మోయలేనంత బంగారం.
చావు మాకు జలుబైపోయింది.
పొద్దున చచ్చి, పొడి చల్లించుకుని,
మధ్యాహ్నం గంజి తాగి మళ్లీ కత్తి పట్టేవాళ్లం.
హిల్యా ఐదు వందలు చెరిపి ఐదు వేలు రాసింది.
గోల చేశాం.
వడ్డించేవాళ్లు మనవాళ్లైతే
కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనంటారు.
హిల్యా మన మనిషే,
గరిటెని మాత్రం తక్కెడలా పట్టుకుంటుంది.

ధర పెంచితే లేనివాడి మంత్రం మూగది.
దించితే ఉన్నవాడికి అది గ్లాసెడు మంచినీళ్లు.
రెంటి మధ్య ఎక్కడో
ఇచ్చే చెయ్యి ఒక్క క్షణం వెనక్కి లాగే చోటుంది,
ముల్లు అక్కడ ఆగాలంటుంది.
ఆ చోటేమో వారం వారం జరుగుతుంది.

ఒకసారి కాఫీ పోస్తూ చెప్పింది:
ఒక ముసలాయన అకార్డియన్ తాకట్టు పెట్టాడట.
నలభై యూరోలు చేస్తుంది, అదీ కష్టంగా.
ఇప్పటికి తొంభై వడ్డీ కట్టాడట.
అందులో నీతి ఏమిటని అడిగాను.
నీతి లేదు, రశీదు ఉంది, అంది.

ఆ రాత్రే సోయింతు దొంగపిల్ల
గోడ మీంచి పడి చచ్చిపోయింది.
మా దగ్గర నాలుగు వేలున్నాయి. కావలసింది ఐదు.
ఓయ్‌వా, ఊరంతా ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి,
ఆటలో మా వంటవాడు,
రబ్బరు తీసుకున్నాడు.
తన కాగితం మీద, మూడేళ్లుగా మొదటి వరసలో ఉన్న
'కొయ్య గరిటె, రెండు రాగి నాణేలు' అన్న మాటని
మెల్లగా చెరిపేశాడు.
ఆ గరిటెతోనే ముట్టడిలో మూడొందల మందికి పులుసు పోశాడు.
మమ్మల్ని చంపడానికొచ్చిన రాక్షసుడికి
ఉప్పు సరిపోయిందా అని రుచి చూపించాడు.
రబ్బరు పొట్టు ఊది, ఇది చాలుతుందా, అన్నాడు.
కింద ట్రాము వెళ్లిపోయేదాకా హిల్యా మాట్లాడలేదు.
తర్వాత తల ఊపింది.
పాచికలు ఎవరూ ముట్టుకోలేదు. పిల్ల దగ్గింది.

మరుసటి వారం వెయిక్కా సంచి నింపుకొచ్చాడు:
చనిపోయిన తల్లి దువ్వెన,
చిన్ననాటి కుక్క మెడపట్టీ,
తొలిప్రేమ చొక్కా గుండీ, రెండు జతలు.
అన్నీ ఆ మధ్యాహ్నమే పుట్టిన దుఃఖాలు,
సిరా కూడా ఆరలేదు.
నవ్వలేక చచ్చాం.
అందరికన్నా ఎక్కువసేపు హిల్యా నవ్వి,
కళ్లు తుడుచుకుని, ఒక్కటీ చెల్లదంది.

ఓయ్‌వా నవ్వలేదు.
అప్పటినుంచీ వంటవాడు పులుసు కత్తి పిడితో కలుపుతున్నాడు.
ఆ సంగతి ప్రతి వారం
ఎవరూ అడక్కుండానే చెబుతాడు,
వానలో మంట రాజేస్తున్నామనో
గుర్రాలకి నీళ్లు పెడుతున్నామనో చెప్పినంత మామూలుగా.
సోయింతు అప్పుడు కిటికీ వైపు చూస్తుంది.

నిబంధనల కాగితంలో, ధర రాసే గడిలో
ఎన్నిసార్లు చెరిపిందో, చిల్లు పడింది.
అందులోంచి బల్ల చెక్క కనిపిస్తోంది,
ఎప్పటిదో కాఫీ మరకతో సహా.
కొత్త కాగితం తెస్తానంది హిల్యా. ఇంకా తేలేదు.
అంతవరకు కాస్త
చావకుండా చూసుకోండి, అంది,
ఇంకా ఆరని మేజోడు తొడుక్కుంటూ.