ఈనె నడుము

పెరంబూరులో బ్లౌజులు కుట్టేదాన్ని.
ఇరవై ఏళ్లుగా ఈ వీధిలో నడుములన్నీ
నా మెడలో వేలాడే టేపుకి తెలుసు.
ఎవరొచ్చినా లోపల అరంగుళం గుడ్డ వదిలే కుడతాను.
మనిషన్నాక ఒళ్లు చేస్తుంది,
విప్పుకోవడానికి కుట్టు ఉండాలి.

పిల్లికి కుట్లుండవు.

తుపాను మర్నాడు స్కూటరు కింద దొరికింది.
చీపురులోంచి జారినట్టుందని
ఈనె అని పిలిచాం.
ఇప్పుడు గుమ్మంలో అడ్డంగా పడుకుంటే
కుచ్చిళ్లు ఎత్తి దాటాలి.

మొదట నవ్వుకున్నాం,
కలిగినింటి పిల్లి అని.
ఒకరోజు చూశాను:
వీపు నాకబోయి, మెడ తిప్పి,
మధ్యలో పొట్ట అడ్డొచ్చి
ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.
తోక మొదట్లో చుండ్రు, ఉండ కట్టిన బొచ్చు.
నాలుక అందని చోటు అది,
మనకి వీపున హుక్కు అందనట్టు.
టేపు చుట్టాను. ఇరవై ఒకటి.
రెండో తరగతి పాప గౌనుకి తీసే కొలత.

వేపేరి ఆస్పత్రిలో డాక్టరమ్మ
నా చేయి బోర్లా పెట్టించి
వేళ్ల కణుపుల మీద రుద్దమంది.
"పక్కటెముకలు ఇలా తగలాలి."
ఈనె పక్కల మీద రుద్దాను.
కొత్త దూది పరుపు.
ఏడు కిలోల రెండొందలు.
"ఆపరేషనయ్యాక ఆకలి పెరుగుతుంది, అవసరం తగ్గుతుంది.
అలాగని పస్తు పెట్టకండి, కాలేయం పాడవుతుంది.
నెలకి రెండొందల గ్రాములు దిగితే చాలు.
ఇంతకీ తిండి ఎవరు పెడతారు?"

నేనే, అన్నాను.
ఇంటికొచ్చి విచారించాను.
మేడమీది షమీమక్క, వంజరం తోలు.
ఇస్త్రీబండి ఏలుమలై, టీలో ముంచిన బిస్కెట్టు.
మళ్లీ రాత్రి రెండింటికి
పెరుగన్నం.

ఎవరు?
మా ఆయన రాజలింగం
గోడ గడియారం వైపు చూశాడు.

షుగరని తేలిన ఏడాది
ఆయన కంచంలో నేను తగ్గించిన అన్నం
కుక్కర్లోనే ఉండాలి కదా,
నేను లెక్క పెట్టుకోలేదు.
ఆయన లేచి, చీకట్లో కలిపి,
దాని ముందు పెట్టి, పక్కనే గొంతుకూర్చుని
అది తినే చప్పుడు వినేవాడట.
"ఈ ఇంట్లో ఎవరో ఒకరు
కడుపునిండా తినాలి కదే" అన్నాడు.

గొడవ పడదామనుకుని
నోట్లో ఉన్న గుండుసూదులు
ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాను.
వేసేసరికి మాట లేదు.

షమీమక్కకి చెప్పాను, ఏలుమలైకి చెప్పాను.
పాపం అన్నారు ఇద్దరూ,
ఆ పాపం నాదైనట్టు.
పొద్దున ఒక కొలత, సాయంత్రం ఒక కొలత.
మొదటివారం తెల్లారి నాలుగింటికే
నా కనురెప్ప మీద పంజా.
అడిగిందల్లా ఆకలి కాదని
దానికంటే నాకే ఆలస్యంగా తెలిసింది.
అడిగితే లేదనడం
మా ఇంటా వంటా లేదు మరి.

దారం చివర కోటు బొత్తాం కట్టిచ్చాను.
డాక్టరు నడవమంటే మోకాళ్ల వంక చెప్పిన మనిషి
ఆ దారం ఈడుస్తూ
ఈ గోడ నుంచి ఆ గోడకి.
వెనకాల ఈనె.
ముందు ఆయాసం ఎవరికొస్తుందా అని
మిషను ఆపి చూస్తాను.

నెలకోసారి పాతపేపర్ల కొట్టులో తూకం.
చేతిసంచిలోంచి తల బయటపెడుతుంది.
"కిలో ఎంతకిస్తావక్కా?"
ప్రతిసారీ అదే జోకు సెందిల్‌ది.
నాలుగో నెల
ఆరున్నర దగ్గర ముల్లు కాస్త ఊగి, ఆగింది.
నా కొలతల పుస్తకంలో
జయంతి మేడం చేతులకీ
సేటుగారి కోడలి మెడకీ మధ్య రాశాను:
ఈనె, నడుము, పంతొమ్మిది.
గుడ్డ వదల్లేదు.

నిన్న మిషను బల్ల మీదికి ఎగిరింది,
ఏడాది తర్వాత.
ఎవరిదో పట్టు మీద కూర్చుని
వెనక్కి తిరిగి, తోక మొదలుదాకా
నిదానంగా నాక్కుంది.
దిగమనలేదు.

రాత్రి రెండింటికి
పెరుగుగిన్నె మూత చప్పుడైంది.
ఇద్దర్లో ఎవరికోసమో
లేచి చూడలేదు.