రైట్ అంటే కుడి కాదు

ఇంజినీరింగ్ కాలేజి పిల్ల, ఊరు ఎక్కడనో మిజోరం,
రాత్రి తొమ్మిదింబావుకు ఫోన్ల చెప్పింది:
"భయ్యా, రైట్ బిహైండ్ ది లైబ్రరీ."
లైబ్రరీ తెలుసు. బిహైండ్ అంటే ఎనుక, అదీ తెలుసు.
రైట్ అంటే కుడే గదా అని
ఆటో కుడిదిక్కు మలిపిన.

వాన.
కుడిదిక్కు సైకిళ్ల షెడ్డు, తడిసిన కుక్క,
మెస్సుల గిన్నెలు తోముతున్న చప్పుడు.
పిల్ల లేదు.
పిల్ల లైబ్రరీకి సరీగ్గ ఎనుక
నెత్తిమీద సంచి పెట్టుకొని నిలవడ్డదట,
ఇరవై నిమిషాలు.
మేం కాజీపేట బ్రిడ్జి ఎక్కేసరికి
మా కిందికెల్లే ఆమె బండి పోయింది.
తిట్టలే. కిరాయి లెక్కవెట్టి ఇచ్చింది.
తిడితే బాగుండు.

నా పేరు ఓదేలు. పదో తరగతి.
ఇంగ్లీషుల ముప్పయ్యారు మార్కులు.

ఆదివారం చర్చి ఇడిచినంక
రైల్వే క్వార్టర్లల్ల ఫిలోమినా టీచర్ ఇంటికి పోయిన.
టేబుల్ నడుమ స్టీలు గ్లాసు పెట్టి
"ఆన్ ది టేబుల్" అన్నది.
గ్లాసును ఏలుతోటి జరుపుకుంట జరుపుకుంట అంచుకు తెచ్చి
"రైట్ ఆన్ ది ఎడ్జ్" అన్నది.
పడతదేమో అని నేను చెయ్యి అడ్డం పెట్టిన.
"నీ చెయ్యి ఎందుకు పోయిందో, గదే రైట్."

బిహైండ్ ఒక్కటే అంటే ఎనుక యాడన్న ఉండొచ్చట,
ముంగట ఒక చిన్న మాట వచ్చి కూసుంటే
చోటు గట్టిపడతదట.
జస్ట్ అవుట్‌సైడ్: గడప దాటినంతే.
హాఫ్‌వే అక్రాస్: సగం బ్రిడ్జి మీద, మల్లితే మల్లనీయదు.
అప్ ఆన్ ది హిల్, డౌన్ బై ది లేక్.
ఇంగ్లీషోడు ముందుగాల ఎత్తో పల్లమో చెప్పి
తర్వాత చోటు చెప్తడట.
మనం గూడ మీద మడికొండ గుట్టకు పోతం,
కింద చెరువు కాడికి పోతం గద టీచర్, అన్న.
"పోతం" అన్నది, రాసుకొమ్మన్నది.

"వెల్ బియాండ్ ది సిగ్నల్."

వెల్ అంటే బావి.
సిగ్నల్ అవతల బావి ఉన్నదా అని అడిగిన.
టీచర్ నవ్వింది. నవ్వు నడుమనే ఆగింది.
గోడకు ఫోటో, గార్డు టోపీ పెట్టుకున్నాయన.
"బాగా అవతల, అని" అన్నది.
"తెల్లారగట్ల గూడ్సు కడపటి డబ్బాల పోయిండు.
రాఘవాపురం దాటినంక గుండె ఆగిందట.
రైల్వేవాళ్ల కాగితంల ఒక్క లైను:
వెల్ బియాండ్ ది ఔటర్ సిగ్నల్.
ముప్పై ఏండ్లు గా మాట పిల్లలకు చెప్పిన ఓదేలూ,
గంత దూరం ఉంటదని గా రోజే ఎరుకైంది."

నేను గ్లాసు కడిగి బోర్లిచ్చి వచ్చిన.

అప్పటిసంది మన మాటలు గూడ వినవడుతున్నయి.
ఆళ్లకు ముంగట కూసునేది
మనకు తోకకు ఎక్కుతది.
ఎనుక, ఎనుకనే.
పక్కకు, పక్కకే.
గింత నే,
ఇన్నేండ్లు నా నోట్లె కూసుండి తిరిగింది,
నేను కిరాయి అడగలే.

నిన్న రాత్రి సరోజన ఫోన్ చేసింది. ఏడున్నవ్?
"ఇంటెనుకనే. వచ్చిన."
అటుదిక్కు కొంచెంసేపు ఏం లేదు.
"ఇంటెనుక నేనున్న," అన్నది,
"దండెం మీద బట్టలు తీస్తున్న. మబ్బు పట్టింది.
నువ్వు మాత్రం కనవడ్తలేవు."

హసన్‌పర్తి గేటు కాడ
బొగ్గు గూడ్సు పోతనే ఉన్నది.
ఫోను చెవుకు పెట్టుకొనే డబ్బాలు లెక్కవెడ్తున్న,
నలభై ఒకటి, నలభై రెండు.
కడపటి దానికి ఎర్ర దీపం.