చిల్లరకు రెండు చాక్లెట్లు

మూసాపేటల మెట్రో పిల్లర్ల పక్కన
మెడికల్ షాపుల ఆరేండ్ల సంది నిలబడుతున్న.
మాట పెగలని గిరాకీని దూరంకెళ్ళే గుర్తువడత.
దగ్గు మందు కొనే ముసలాయన పోయేదాక
గ్లూకోజు డబ్బాల మీద రేట్లు చదువుతరు,
హెల్మెట్ తియ్యరు,
ఫోను తెర నా దిక్కు తిప్పి పేరు చూపిస్తరు.
నేనేం అడగ.
పాత పేపర్ల చుట్టి, నల్ల కవర్ల ఏసి
దొంగసొమ్ము లెక్క చేతుల పెడత.

ఆయితారం రాత్రి పదకొండున్నరకు
ఆ గిరాకీ నేనే అయిన.

చినిగింది. గంతే.
బిక్షపతి లైటేసి చూసిండు
కరెంటు పోయినింట్ల ఫ్యూజు చూసినట్టు.
"ఏం గాదులే" అన్నడు.
ఏం గాదు అనే మాట
ఎవరి కడుపు గురించి అంటున్నమో
చూసుకొని అనాలె.

తెల్లారి మా షాపుల తీసుకోబుద్ధి గాలే.
స్టాకుల ఒకటి తక్కువైతే
నా సంగతి ముందుగల కంప్యూటరుకు ఎర్కైతది,
తర్వాత ఓనరుకు.
షేరింగ్ ఆటోల ఎల్లమ్మబండ దాక పోయిన
నా మొకం తెల్వని కౌంటరు ఎతుక్కుంట.
తొవ్వ పొడుగూత లెక్క:
డెబ్బై రెండు గంటలల్ల పదకొండు పోయినయి.
ఎంత జల్ది ఏసుకుంటె అంత మంచిదని
లోపలి చీటీల ఉంటది, చీమలంత అక్షరాలు.
ఎవ్వరు చదవరు.
నేను చదివిన, మధ్యాన్నం గిరాకీ లేనప్పుడు,
నాకు పనికొస్తదని గాదు.

ఆడి పిలగానికి మీసం ఇంక మొలవలే.
"అక్కా, ఆ గోలీయేనా?" అని
షాపంత ఇనేటట్టు అడిగిండు.
ఇన్సులిన్ కోసం నిలబడ్డ బుర్ఖా ఆమె
నా దిక్కు తిరిగింది.
తల దించుకున్న.
"పానీ హై క్యా, బేటా?" అని
తన బాటిల్ మూత తీసి చాపింది.

గోలీ చిన్నది, పెసరబద్దంత.
చిల్లర లేదని పిలగాడు
రెండు చాక్లెట్లు చేతుల పెట్టిండు.

డ్యూటీల నిలబడ్డంక కడుపుల తిప్పుడు.
మూడు గంటలల్ల కక్కితే మళ్ళొకటి ఏసుకోవాలె.
ఉప్పు బిస్కెట్లు నములుకుంట
మందిచ్చిన చీటీలకు బీపీ గోలీలు కత్తిరిచ్చుకుంట
గోడ గడియారాన్ని చూసుకుంట ఉన్న.
ఒంటిగంటన్నర దాటింది. కక్కలే.

కడుపు తీసే గోలీ గాదిది.
ఎవరూ రాకముందే తలుపు దగ్గరికేస్తది,
వచ్చి కూసున్నోళ్ళను ఏం అనదు.
ఇది మా అత్తకు చెప్పాలనిపిస్తది.
"పిల్లకు తోడొకడు ఉండాలె గదా" అంటది ఆమె,
చాయ్ ఊదుకుంట.
చెప్ప.

రాత్రి బిక్షపతి "ఎంతైంది?" అన్నడు.
వందన్న.
తీసి టీవీ పక్కన పెట్టిండు, సిలిండరు పైసల లెక్క.
లైటు ఆర్పినంక చాలసేపటికి
"డేటు రాకపోతే?" అన్నడు.
మూడు వారాలు ఆగి పట్టీ మీద చూడాలె.
"రెండు గీతలొస్తే?"
డాక్టరమ్మ దగ్గరికి పోవాలె.
సాధనం తప్పితే చట్టంల తొవ్వ ఉన్నది,
నా ఒక్కదాని సంతకం చాలు.
చీకట్ల ఆయన ఊపిరి ఆగి మళ్ళ మొదలైంది.
"పెట్టు" అన్నడు. "నేను బయట కూసుంట."

చందన చాక్లెట్లు తిని
మెరుపు కాయితాలు దిండు కింద దాచుకున్నది.
ఎవరిచ్చిండ్రని అడగలే.

ఇయ్యాల బేస్తారం. నాలుగు రోజులైనయి,
ఇంక పదిహేడు.
పొద్దుగూకినంక ఒక పిల్ల వచ్చింది,
కాలేజి ఐడీ కార్డు చున్నీ కింద కప్పుకొని
గ్లూకోజు డబ్బాల మీద రేట్లు చదువుతున్నది.
ముసలాయన పోయిండు.
నేను నల్ల కవరు తియ్యలే.
కౌంటరు మీదికి వంగి మెల్లగ అడిగిన,
"ఎన్ని గంటలైంది, బిడ్డా?"

ఆమె చేతి గడియారం చూసి
"ఏడూ నలభై" అన్నది.